కార్డులో లేని ఖాందాన్

"గల్ఫ్ పైసలు." ఈ మాట పడని ఇల్లు మా బస్తీల్లో లేదు. ఇంటికి సున్నం వేయిస్తే గల్ఫ్ పైసలు. మసీదుకు మినార్ లేస్తే గల్ఫ్ పైసలు. ఈద్‌కి పిల్లకు కొత్త చెప్పులు కొన్నా గల్ఫ్ పైసలే. 1981 ఫిబ్రవరిలో తమిళనాడులోని మీనాక్షిపురంలో దళితులు ఇస్లాంలోకి మారారు. అప్పుడు ఈ దేశం అంటరానితనం గురించి మాట్లాడాల్సింది. పెట్రో డాలర్ల గురించి మాట్లాడింది. అప్పటి నుంచి మా జేబుల వైపు చూసే చూపు మారలేదు. ఆ పైసలు ఎక్కడి నుంచి వచ్చాయని అడిగేవాళ్లే అందరూ. ఎక్కడికి పోయాయని అడిగినవాళ్లు లేరు.

మేం చెబుతాం. దవాఖానాకు పోయాయి.

అన్నీ పోలేదు. కొన్ని జోడే కీ రఖమ్‌కు పోయాయి. కొన్ని షాదీఖానాల దీపాలకు, కొన్ని ఏజెంటు దగ్గర చేసిన అప్పుల మిత్తికి పోయాయి. ఈ తప్పులు మావి, దాచుకోం. కాని గల్ఫ్‌కు మనిషిని పంపిన ఏ ఇంట్లోనైనా కూర్చుని లెక్క రాయించండి. అమ్మీ ఆపరేషను, అబ్బా గుండె, ఆపా కాన్పు, చిన్నోడి టైఫాయిడ్ అని వరసగా చెబుతారు. దిర్హం, రియాల్, దీనార్ ఏ పేరుతో వచ్చినా చివరికి మందుల షాపు గల్లాపెట్టెలోనే పడ్డాయి. అక్కడ పనిచేసే మనిషికి ఇన్సూరెన్స్ ఉంది కదా, కంపెనీ ఇస్తుంది కదా అని చదువుకున్న మిత్రులు అడుగుతారు. ఉంది. ఆ కార్డు కథే ఇది.

మా ఖాలాకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు దమ్మామ్‌లో ఏసీ మెకానిక్. చిన్నవాడు బాలానగర్‌లో ఒక షెడ్డులో లేత్ మిషన్ మీద పని. పెద్దవాడిది రియాళ్ల జీతం, చిన్నవాడిది రూపాయల జీతం. గల్లీలో ఖాలాను "దమ్మామ్‌వాలే కీ అమ్మా" అని పిలిచేవాళ్లు. చిన్నవాడి పేరుతో ఎవరూ పిలవలేదు. ఖాలాకు రెండు కిడ్నీలూ పాడయ్యాయని తేలింది. పెద్దవాడు కంపెనీ ఆఫీసుకు పోయి, తన ఇన్సూరెన్స్ కార్డు బల్ల మీద పెట్టి, "మా అమ్మీ పేరు దీంట్లో ఎక్కించండి, అయ్యే ఖర్చు నా జీతంలో కోసుకోండి" అని అడిగాడు. అక్కడి గుమస్తా కేరళ మనిషి. నవ్వలేదు, కసురుకోలేదు. "భాయ్, ఇఖామా నెంబరు లేనివాళ్లకు ఇందులో గడి లేదు" అన్నాడు.

ఖాలాకు డయాలిసిస్ జరిగింది చిన్నవాడి ఈఎస్ఐ కార్డు మీద. దమ్మామ్ కొడుకు ఆటో కిరాయిలు పంపించాడు.

ఈ చిన్న సంగతిలో పెద్ద చరిత్ర ఉంది. ఈఎస్ఐ చట్టం 1948 నాటిది. మొదట కార్మికుడికే వైద్యం. తరువాత కుటుంబానికీ ఇచ్చారు. ఆ కుటుంబం అన్న మాటకు అర్థం చెప్పేటప్పుడు కార్మికుడి మీద ఆధారపడిన తల్లిదండ్రుల్నీ లెక్కలోకి తీసుకున్నారు. అందుకే సనత్‌నగర్ ఈఎస్ఐ దవాఖానా వరండాలో ముసలి అమ్మలు, అబ్బాలు కనబడతారు. సింగరేణిలోనైనా, ఆర్టీసీలోనైనా కార్మికుడి వెనక ఇల్లు ఉందని యాజమాన్యం ఒప్పుకోవాల్సి వచ్చింది. ఊరికే ఒప్పుకోలేదు, యూనియన్లు ఒప్పించాయి. సౌదీలో యూనియన్ లేదు. వెనక ఇల్లు ఉందని అక్కడ ఒప్పించేవాడు లేడు.

మేం ఖాందాన్ అంటాం. అందులో దాదీ ఉంటుంది. తలాక్ అయి వచ్చిన ఆపా ఉంటుంది, ఆమె పిల్లలుంటారు. కాళ్లు పడిపోయిన చిచ్చా ఉంటాడు. ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో ఇంట్లోవాళ్లకే సరిగ్గా తెలియదు. కార్డు మీద ఉండే ఫ్యామిలీ వేరు. అది వీసాకు పుట్టిన బిడ్డ. వీసా ఎవరికి ఇస్తే వాళ్లే ఫ్యామిలీ.

అసలు మేం ఆ ఎడారికి ఎందుకు పోయామో కూడా చెప్పుకోవాలి. ఒకప్పుడు దారి ఇటు నుంచి అటు కాదు, అటు నుంచి ఇటు ఉండేది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి అరబ్బులు నిజాం ఫౌజులో సిపాయిలుగా వచ్చారు. వాళ్ల బ్యారక్సే మన నోట్లో బార్కస్ అయింది. ఇక్కడే నికాలు చేసుకున్నారు, ఇక్కడే పిల్లల్ని కన్నారు, ఇక్కడి మట్టిలోనే కలిశారు. వాళ్ల కుటుంబాన్ని ఎవరూ గీత గీసి బయట నిలబెట్టలేదు. మక్కాలో హైదరాబాద్ సంస్థానం హాజీల కోసం రుబాత్‌లు ఉండేవి, బస ఉచితం. అంటే మన పైసలు అటు పోయిన రోజులూ ఉన్నాయి. ఈ సంగతి గల్ఫ్ పైసల గురించి మాట్లాడేవాళ్లు ఎప్పుడూ తలవరు.

1948 సెప్టెంబరు తరువాత సంస్థానం పోయింది, ఫౌజు పోయింది, దాని వెనకే నౌకర్లు పోయారు. నవాబుల సంగతి వదిలేయండి, వాళ్లు మా లెక్కలోకి రారు. మేం చెప్పేది జవాన్లు, చప్రాసీలు, వంటవాళ్లు, సైసులు, దర్జీల గురించి. ఉర్దూలో చదువుకుని తెలుగులోనో ఇంగ్లీషులోనో దరఖాస్తు రాయలేక ఇంట్లో కూర్చున్న గుమస్తాల గురించి. పాతబస్తీలో ఒక తరం మొత్తం సైకిల్ పంక్చర్లకు, రిక్షాలకు, బిస్కెట్ భట్టీలకు అంకితమైపోయింది. 1973 అక్టోబరు యుద్ధం తరువాత అరబ్ దేశాలు చమురు ధర పెంచాయి. పీపా 3 డాలర్ల దగ్గర ఉన్నది 1974 మొదటికి 11 డాలర్లు దాటింది. రోడ్లు, రేవులు, రిఫైనరీలు కట్టడానికి మనుషులు కావలసి వచ్చారు. హైదరాబాద్ నుంచి డ్రైవర్లు, టైపిస్టులు, మెకానిక్‌లు పోయారు. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ పల్లెల నుంచి మేస్త్రీలు, కూలీలు పోయారు. కడప, రాయచోటి నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు పోయారు.

ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి పోయినవాళ్లలో ఎక్కువమంది ముస్లిములు కారు. బీసీలు, దళితులు. అదే క్యాంపు, అదే రొట్టె, అదే కార్డు. కాని మాల మల్లయ్య పంపిన డబ్బును గల్ఫ్ పైసలు అని ఎవరూ వేలెత్తి చూపలేదు. కూలి మాత్రం ఇద్దరికీ ఒకటే ఇచ్చారు.

తోలుకుపోవడంలో కూడా తేడా ఉంది. తెల్లదొరల కాలంలో కోరంగి రేవు నుంచి మారిషస్‌కు కూలీలను ఓడల్లో తీసుకుపోయారు. గిర్మిట్ అంటే బానిసత్వానికి ఇంకో పేరే, సందేహం లేదు. కాని ఆ పాపిష్టి చట్టంలో కూడా 100 మంది మగవాళ్లకు 40 మంది ఆడవాళ్లు పోవాలని రాసి ఉంది. ఎస్టేటులో దవాఖానా ఉండాలని రాసి ఉంది. దొరకు కూలీ పిల్లలు రేపటి కూలీలు, కాబట్టి ఇల్లు కావాలి. గల్ఫ్‌కు ఇల్లు అక్కర్లేదు. రేపటి కూలీని మన దేశమే కని, పెంచి, మందులిప్పించి, పాస్‌పోర్టు చేతికిచ్చి పంపుతుంది. అక్కడ ఐదుగురు పిల్లల తండ్రి కూడా బ్యాచిలరే. అద్దెగది అడిగితే బ్యాచిలరా, ఫ్యామిలీనా అంటారు. మా అబ్బాలు, చిచ్చాలు ఇరవై ముప్పై ఏళ్లు బ్యాచిలర్లుగా బతికి వచ్చారు.

వాళ్ల శరీరం మీద యజమానికి శ్రద్ధ లేదని అనం. చాలా ఉంది, కాని పోకముందే. మెడికల్ ఫిట్ అన్న ముద్ర పడకపోతే విమానం ఎక్కనివ్వరు. గల్ఫ్ దేశాలు ఒప్పుకున్న సెంటర్లలోనే పరీక్ష. మూత్రం, రక్తం, ఛాతీ ఎక్స్‌రే అన్నీ చూస్తారు. ఎప్పుడో నయమైపోయిన టీబీ మచ్చ ఫిల్ములో కనబడినా అన్‌ఫిట్. ఏజెంటుకు కట్టిన డబ్బు మునిగింది, అప్పు మిగిలింది. ఈ పరీక్ష ఖర్చు కూడా పోయేవాడిదే. పశువును సంతలో పళ్లు పట్టి చూస్తారు, ఆ ఖర్చు పశువు దగ్గర వసూలు చేయరు. ఇరవై ఏళ్ల తరువాత అదే మనిషి షుగరుతో, బీపీతో, నొప్పి బిళ్లలు మింగి మింగి చెడిపోయిన కిడ్నీలతో తిరిగి వస్తే, ఏ సెంటరూ ఎక్స్‌రే తీయదు. ఖురూజ్ ముద్ర పడిన రోజుతో కార్డు కూడా చచ్చిపోతుంది. రోగం మాత్రం అప్పుడే కళ్లు తెరుస్తుంది.

మొదటి రోజుల్లో ఇన్సూరెన్స్ అన్న మాటే లేదు. చమురు డబ్బు పొంగుతున్న కాలం అది. సర్కారు దవాఖానాల్లో పరాయి కూలీకి కూడా ఉచితంగానో, నామమాత్రపు రుసుముకో వైద్యం దొరికేది. పెద్ద కంపెనీ అయితే క్యాంపులో ఒక క్లినిక్, ఒక కాంపౌండరు. తలనొప్పికి పనడాల్, నడుంనొప్పికి పనడాల్, ఇంటి మీద బెంగకు కూడా పనడాలే అని మా చిచ్చాలు నవ్వుకునేవాళ్లు. సెలవుకు వచ్చేటప్పుడు టాంగ్ డబ్బా, జమ్‌జమ్ డబ్బా, నీవియా క్రీముతో పాటు పనడాల్ అట్టలు కూడా సూట్‌కేసులో ఉండేవి. ఆలోచిస్తే కంపెనీ మా కుటుంబాలకు ఇచ్చిన వైద్యం ఆ అట్టలే. దాదీకి ఏ నొప్పి వచ్చినా దుబాయ్ గోలీ. అదే గోలీ మన మెడికల్ షాపులో పావలాకు దొరుకుతుందని చెబితే ఆమె నమ్మేది కాదు.

జెద్దాలో, రియాద్‌లో, కువైట్‌లో కుటుంబంతో ఉన్నవాళ్లూ ఉన్నారు. ఇఖామాలో పని పేరు అకౌంటెంటో ఇంజనీరో అయితే, జీతం ఒక గీత దాటితే, భార్యాపిల్లలకు వీసా దొరికేది. లేబర్ అని రాసి ఉంటే దొరకదు. గల్లీలో వీళ్లను ఫ్యామిలీవాలే అని వేరుగా చెప్పుకునేవాళ్లు. పెళ్లి సంబంధాల్లో ఈ మాటకు విలువ ఉండేది. వాళ్ల నసీబు కూడా ఎంత గట్టిదో 1990లో తేలింది. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. 1,70,000 మందికి పైగా భారతీయులు ఇల్లు, బ్యాంకు పుస్తకం, ఉద్యోగం వదిలి బయటపడ్డారు. చాలామంది బస్సుల్లో ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరితే, అక్కడి నుంచి ఎయిర్ ఇండియా విమానాలు తీసుకొచ్చాయి. పదిహేనేళ్లు అక్కడ ఉండి వచ్చినవాళ్ల చేతిలో ఒక్క పిల్ల సంచి ఉంది. యజమాని ఇచ్చేది యజమాని ఉన్నంతవరకే అని మాకు ఆ ఏడు అర్థమైంది.

ఇన్సూరెన్స్ చట్టాలు ఆ తరువాత వచ్చాయి. ఎందుకు వచ్చాయో చూడాలి. కూలీ మీద ప్రేమ పుట్టి కాదు. 1998 చివరికి చమురు పీపా పది డాలర్ల దగ్గరికి దిగజారింది. ఖజానాలు వెలవెలబోయాయి. సర్కారు దవాఖానాల్లో పరాయివాళ్లు ఎక్కువైపోయారన్న మాట పైకి వచ్చింది. 1999లో కువైట్ 1వ నెంబరు చట్టం చేసింది. ఇఖామా కావాలంటే ఆరోగ్య బీమా రుసుము కట్టాలి. పనివాడికి ఏడాదికి 50 దీనార్లు పెట్టారు. అదే 1999లో సౌదీ అరేబియా సహకార ఆరోగ్య బీమా చట్టం చేసింది. పరాయి దేశస్తులకు యజమానే బీమా చేయించాలని అందులో ఉంది. అమలు 2006లో పెద్ద కంపెనీలతో మొదలై మెల్లగా చిన్నవాటి దాకా వచ్చింది. సర్కారు దవాఖానా తలుపు మూసి ప్రైవేటు క్లినిక్ తలుపు చూపించడమే ఈ చట్టాల పని. 2013లో కువైట్‌లో జహ్రా ఆస్పత్రిలో ఉదయం పూట ఓపీ దేశస్తులకే అని, పరాయివాళ్లు సాయంత్రం రావాలని పెట్టారు. పొద్దున్నే జ్వరం వచ్చిన కూలీ పొద్దు గుంకే దాకా ఆగాలి.

సౌదీ చట్టం పేరులో సహకార అన్న మాట ఎందుకుందో మా చదువరులకు చెప్పాలి. మా ఇళ్లల్లో ఎంతోమంది పెద్దలు బీమా అంటే హరామ్ అంటారు. మిత్తి ఉందని, జూదం ఉందని. ఎల్ఐసీ ఏజెంటును వాకిట్లోంచే పంపేసిన ఇళ్లు మాకు తెలుసు. 1985లో జెద్దాలో ముస్లిం దేశాల ఫిఖ్ అకాడమీ కూర్చుని, వ్యాపార బీమా కూడదని, ఒకరికొకరు ఆసరాగా వేసుకునే సహకార బీమా తగునని తేల్చింది. ఆ తీర్పు నీడలోనే ఈ పేరు వచ్చింది. తఆవున్ అంటారు అరబ్బీలో, ఒకరికొకరు తోడుపడటం. మాట చల్లగా ఉంది. కాని ఆ తఆవున్ క్లాసులుగా చీలింది. కార్డు మీద వీఐపీ, ఏ, బీ, సీ అని ఉంటుంది. కూలీది సీ. ఏ దవాఖానాకు పోవాలో ఆ ఒక్క అక్షరమే చెబుతుంది. నమాజులో ఒకే సఫ్‌లో భుజానికి భుజం ఆనించి నిలబడినవాళ్లు, జ్వరం వస్తే వేరు వేరు గేట్ల ముందు నిలబడతారు.

ఆజాద్ వీసావాళ్ల సంగతి ఇంకా అన్యాయం. పేరుకు కఫీల్ ఒకడు, పని ఇంకెక్కడో. కఫీల్‌కు నెలనెలా డబ్బు కట్టేది వీడే. బీమా లేకపోతే ఇఖామా రెన్యూ కాదు కాబట్టి అన్నిటికన్నా చవకైన పాలసీ కొనుక్కునేదీ వీడే. కాగితం మీద మాత్రం యజమాని ఇచ్చిన బీమా అని ఉంటుంది.

ఎమిరేట్స్‌లో రెండు దారులు కనబడతాయి. అబుధాబి 2005లో 23వ నెంబరు చట్టం చేసింది. ఉద్యోగితో పాటు భార్యకు, పద్దెనిమిదేళ్ల లోపు ముగ్గురు పిల్లలకు యజమానే బీమా చేయించాలని అన్నది. కుటుంబాన్ని యజమాని మెడకు కట్టిన చట్టం ఇది, మెచ్చుకోవాలి. ముగ్గురు పిల్లల దగ్గర గీత గీశారు. ఇక్కడ మమ్మల్ని ఎక్కువ పిల్లల్ని కంటారని ఎక్కిరించేవాళ్లకు, ముస్లిం దేశం ముగ్గురి దగ్గరే లెక్క ఆపేసిందని తెలిస్తే ఏమంటారో! దుబాయ్ 2013లో 11వ నెంబరు చట్టం చేసింది. ఉద్యోగికి యజమాని, కుటుంబానికి ఆ కుటుంబాన్ని తెచ్చుకున్నవాడు. అంటే ఉద్యోగే. రెండు ఊళ్ల మధ్య కారులో రెండు గంటల దూరం కూడా లేదు. ఇటు పక్క భార్య కాన్పు యజమాని ఖర్చు, అటు పక్క మొగుడి ఖర్చు. రెండు పక్కలా ఒకటే ముందు షరతు. భార్య అక్కడ ఉండాలి. ఆమెను తెచ్చుకోవడానికి 2019 తరువాత కూడా 4,000 దిర్హాంలో, ఇల్లు ఇస్తే 3,000 దిర్హాంలో జీతం ఉండాలి. వెయ్యి, పన్నెండు వందల దిర్హాంల కూలీకి ఆ చట్టంలోని భార్య, ముగ్గురు పిల్లలు పుస్తకంలో బొమ్మలే. 2025 జనవరి నుంచి మిగిలిన ఎమిరేట్లలో కూడా కూలీకి, ఇంటి పనివాళ్లకు యజమాని బీమా తప్పనిసరి చేశారు. మూల పాలసీ ఏడాదికి 320 దిర్హాంలు. మంచిదే. అదీ అక్కడున్న ఒంటికే.

ఆడవాళ్ల మాట. రాయచోటి నుంచి, కడప నుంచి, కోనసీమ నుంచి కువైట్ ఇళ్లల్లో పనికి పోయిన మా ఖాలాలు, ఫుప్పూలు, వాళ్లతో పాటు పోయిన దళిత అక్కలు 20వ నెంబరు వీసా మీద ఉంటారు. ఈ వీసా మీద మొగుడూ రాడు, పిల్లలూ రారు. ఇంకొకరి పిల్లలకు జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేసేది వీళ్లే. తన పిల్లకు జ్వరం అని ఫోనులో వింటే చేయగలిగింది దువా ఒక్కటే. మగవాడు పోతే ఇంట్లో కనీసం అమ్మీ మిగులుతుంది. అమ్మీయే పోతే?

ఇక ఇంటి దగ్గర మిగిలినవాళ్లకు నిజంగా ఆసరా అయిన కార్డు ఒకటుంది. అది గల్ఫ్ నుంచి రాలేదు. అది బీడీ కార్డు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఏ వాకిట్లో చూసినా చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించే ఆడవాళ్లు. ముస్లిములు, పద్మశాలీలు, మున్నూరు కాపులు, మాదిగలు అందరూ. మొగుడు దుబాయ్‌లో, పెళ్లాం బీడీల మీద. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. బీడీల మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో కార్మికులకు, వాళ్ల కుటుంబాలకు దవాఖానాలు, పిల్లలకు స్కాలర్‌షిప్పులు. బీడీ దవాఖానాలో మందు ఉన్న రోజులూ, లేని రోజులూ ఉన్నాయి. డాక్టరు వచ్చిన రోజులూ, రాని రోజులూ ఉన్నాయి. అయినా చీటీ మీద అత్త పేరు రాశారు, బిడ్డ పేరు రాశారు. దినార్లు సంపాదించే మొగుడి చాటున బతుకుతోందని ఊరు అనుకున్న మనిషి, వెయ్యి బీడీలు చుట్టి, పొగాకు దుమ్ము మింగి, ఆ మొగుడి తల్లికి మందు తెచ్చింది. గల్ఫ్ కథ రాసినవాళ్లు విమానాశ్రయంలో ఏడుపులు రాశారు. ఈ చాటను ఎవరూ రాయలేదు.

2017 జులై మాకు గుర్తుండిపోయిన నెల. ఆ నెలలో సౌదీ సర్కారు, పరాయివాళ్లు తెచ్చుకున్న కుటుంబంలో ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్లు కట్టాలని మొదలుపెట్టింది. ఏటేటా వంద పెంచుతూ 2020కి 400 చేసింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉంటే నెలకు 1,600. కార్డులో పేరున్న కుటుంబాలు కూడా ఇక లెక్క చూసుకుని సామాను కట్టాయి. టోలీచౌకీలో, మెహదీపట్నంలో ఆ ఏళ్లలో బళ్లు తెరిచేనాటికి అరబ్బీ యాసలో ఉర్దూ మాట్లాడే పిల్లలు కొత్తగా కనబడ్డారు. మొగుళ్లు అక్కడే మళ్లీ బ్యాచిలర్లయ్యారు. సరిగ్గా అదే జులైలో ఇక్కడ జీఎస్టీ వచ్చింది, బీడీ సెస్సు రద్దయింది. బీడీ దవాఖానాకు ఊట అయిన సొమ్ము ఎండింది. ఇక ఢిల్లీ బడ్జెట్ ఎంత విదిలిస్తే అంత. రియాద్‌కూ ఢిల్లీకీ మా గురించి ఏ మాటలూ జరగలేదు. అయినా ఒకే నెలలో రెండు వైపులా మా చీటీ చిరిగింది.

మన సర్కారు ఏమీ చేయలేదా? చేసింది. 1983లో ఎమిగ్రేషన్ చట్టం తెచ్చింది. 2003లో ప్రవాసీ భారతీయ బీమా యోజన పెట్టింది. పదో తరగతి దాటని కూలీలు పోవాలంటే ఈ పాలసీ ఉండాల్సిందే. 2017లో మార్చిన లెక్క ప్రకారం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పైన పన్ను. ప్రమాదంలో చనిపోతేనో, పనికిరాకుండా పోతేనో 10 లక్షలు. ఈ పాలసీలో మాకు ఆశ్చర్యం కలిగించిన వాక్యం ఒకటి ఉంది. ఇండియాలో ఉన్న కుటుంబానికి ఏడాదికి 50,000 దాకా ఆస్పత్రి ఖర్చు ఇస్తారు. ఇక్కడ మొదటిసారి మా ఇల్లు కనబడింది అనుకున్నాం. తరువాతి మాట చదివాం. పాలసీదారు మరణించినా, శాశ్వతంగా వికలాంగుడైనా మాత్రమే.

అంటే అతను బతికి, పనిచేస్తున్నంతకాలం అతనికి కుటుంబం లేదు. అతను పెట్టెలో వచ్చిన రోజున కుటుంబం పుడుతుంది. తెలంగాణ సర్కారు 2024లో గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షలు ఇస్తామని ఉత్తర్వు ఇచ్చింది. దానికోసం ఎంతోమంది ఏళ్ల తరబడి ధర్నాలు చేశారు, అది సాధించుకున్నదే, చిన్నది కాదు. కాని అదీ శవానికే.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక తెల్లకార్డు ఉన్న ఇళ్లు కొంత ఊపిరి పీల్చుకున్నాయి. పెద్ద ఆపరేషన్లకు తలుపు తెరుచుకుంది. నెలనెలా మింగే షుగరు బిళ్ల అందులోకి రాదు. ఇక్కడ కూడా గల్ఫ్ మాట మా వెంట వచ్చింది. తెల్లకార్డు అడగడానికి పోతే "మీవాడు సౌదీలో ఉన్నాడు కదమ్మా" అన్న మాట మా అమ్మీలు విన్నారు. సౌదీలో అమ్మీకి గడి లేదు ఇఖామా లేదని. ఇక్కడ గడి లేదు కొడుకు సౌదీలో ఉన్నాడని.

చేయలేక కాదు. 2020 మార్చి 30న సౌదీ రాజు కోవిడ్ వచ్చిన ఎవరికైనా, ఇఖామా ఉన్నా లేకున్నా, వైద్యం ఉచితం అని ఫర్మానా ఇచ్చాడు. అప్పుడు కార్డు అడగలేదు, క్లాస్ అడగలేదు. ఒకడి దగ్గు ఇంకొకడికి అంటుతుంది కాబట్టి. మా అమ్మీల కిడ్నీ జబ్బు ఎవరికీ అంటదు.

మా మసీదు కమిటీలకు కూడా ఒక మాట. గల్ఫ్ నుంచి వచ్చిన చందాతో వజూఖానాలకు టైల్స్ వేయించాం. మంచిదే. ఆ చందా ఇచ్చినవాడి అమ్మీ డయాలిసిస్‌కు ఎలా పోతోందని జుమా తరువాత ఎవరం అడిగాం? బైతుల్‌మాల్ అన్న పేరు బోర్డు మీద రాసుకున్నాం. దానిలోంచి ఈ ఇళ్లకు తఆవున్ ఎందుకు మొదలుపెట్టలేకపోయాం? పక్క వాడలో గల్ఫ్ మల్లయ్య ఇల్లు కూడా అందులో ఉంటే తప్పేముంది? అక్కడ ఒకే గదిలో మంచం మీద మంచం వేసుకుని పడుకున్నారు కదా.

ఖాలా మూడేళ్లు డయాలిసిస్ మీద ఉండి పోయింది. దమ్మామ్ కొడుకుకు జనాజా అందలేదు. టికెట్టు దొరికేసరికి సోయెం కూడా అయిపోయింది. ఆ తరువాత రెండేళ్లకు అతనూ ఖురూజ్ మీద వచ్చేశాడు. షుగరుతో వచ్చాడు. తమ్ముడి ఈఎస్ఐలో అమ్మీకి గడి ఉంది గాని అన్నకు లేదు. నెలకోసారి బస్తీ దవాఖానాకు పోయి బిళ్లలు తెచ్చుకుంటాడు. అవి అయిపోయాయంటే మెడికల్ షాపుకు పోతాడు. గల్లీ చివర ఏసీలు రిపేరు చేస్తాడు, ఎండాకాలం గిరాకీ ఉంటుంది.

ఇన్సూరెన్స్ కార్డు ఇంకా ఉంది. ముందు అతని పేరు, ఇఖామా నెంబరు, సీ అన్న అక్షరం. మొన్న రంజాన్‌లో అతని చిన్న కూతురు దాన్ని బీరువాలోంచి తీసి, అట్టపెట్టెకు చీలిక పెట్టి, అందులో దూర్చి, ఏటీఎం ఆట ఆడుతోంది. ఎన్ని పైసలు కావాలి అని మమ్మల్ని అడిగింది.